టికెట్‌లో ఉన్న భోజనం, టికెట్ పైన భోజనం

మరిది: ఏడు రాత్రుల ప్రయాణంలో ఒక్క రాత్రయినా అమ్మానాన్నల్ని డబ్బు కట్టి తినే రెస్టారెంట్‌లో కూర్చోబెట్టాలన్నది నా మాట వదినా. టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో ఎక్కి మెక్సికోలోని కొజుమెల్ దాకా వెళ్లొచ్చే ఓడ ఏదైనా సరే, మెయిన్ డైనింగ్ రూమూ, పై డెక్కు మీది బఫే కూడా టికెట్‌లోనే వస్తాయి. వాటిని తక్కువ చేయడం లేదు. కానీ ఆ పెద్ద హాల్లో ఒక్క సాయంత్రంలో వేల పళ్లాలు బయటికి రావాలి. గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, చేపలు వరసగా కాల్చి, పళ్లాల్లో సర్ది, మూతలు పెట్టి వేడిగా నిలబెడతారు. వెయిటరు వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చుకుని పెద్ద ట్రేలో మోసుకొస్తాడు. మన బల్ల దగ్గరికి వచ్చేదాకా ఆ మూత కింద చేప ఉడుకుతూనే ఉంటుంది. స్పెషాలిటీ రెస్టారెంట్‌లో సీట్లు తక్కువ, వంటగది దగ్గర. మనం చెప్పాకే పెనం మీద వేస్తారు.

వదిన: ఎక్కువమందికి వండితే రుచి పోతుందని ఎవరన్నారయ్యా? పెళ్లిలో వెయ్యిమందికి వండిన గుత్తొంకాయ ఇంట్లో నలుగురికి వండినదానికంటే బాగుంటుందని నువ్వే అంటావు కదా.

మరిది: అంటాను. గుత్తొంకాయ ఆగితే రుచి పెరుగుతుంది, ఉప్పూ పులుపూ లోపలికి దిగుతాయి. చేప ఆగితే ఎండిపోతుంది. పాశ్చాత్య వంటలో పేరున్న వంటకాలు చాలావరకు ఆగలేనివే. అందుకే మామూలు ఓడల్లో కూడా స్టేక్‌హౌస్‌నీ, సుషీనీ విడిగా పెట్టి డబ్బు అడుగుతారు.

వదిన: అయితే పెద్ద హాల్లో ఆగగలిగినవి అడగాలి. సూపులు, చాలాసేపు మగ్గబెట్టిన మాంసం, పప్పులు, కూరలు. మామయ్యగారు చేప తింటారు సరే, అత్తయ్యగారు ఏం తింటారు? ఆవిడకు గుడ్డు కూడా పనికిరాదు. స్టేక్‌హౌస్‌లో మనిషికి కవర్ ఛార్జి 50, 60 డాలర్లు, దానిమీద టిప్పు 18 శాతం, కొన్ని కంపెనీల్లో 20 శాతం. ఆ ధరలో పెద్ద వాటా మాంసానిదే. ఆవిడ పుట్టగొడుగులూ, బంగాళాదుంపా, ఉడికించిన ఆస్పరాగసూ తిని ఫిలే మిన్యాన్ తిన్నవాడితో సమానంగా కట్టాలి. ఇందులో న్యాయం ఎక్కడుంది?

మరిది: అది నిజమే, ఒప్పుకుంటున్నాను. శాకాహారికి ఒకే ధర పెట్టడం అన్యాయమే. సుషీ లాంటి చోట్ల తిన్నదానికే కట్టే పద్ధతి ఉంటుంది, స్టేక్‌హౌస్‌లో ఎక్కువగా ఉండదు. ఇటాలియన్ రెస్టారెంట్ అయితే అమ్మకు కాస్త నయం. కానీ ఆ లెక్కను కాస్త తిప్పి చూడండి. అన్నీ టికెట్‌లో కలిపేసిన ఓడలు కూడా ఉన్నాయి. వర్జిన్ వాయేజెస్ ఓడల్లో ఇరవైకి పైగా తినే చోట్లున్నాయి, మామూలు బఫే లేదు, పెద్ద డైనింగ్ హాలూ లేదు, అన్నిటికీ టికెట్టే. వైకింగ్, రీజెంట్, ఓషియానియా కూడా స్పెషాలిటీ రెస్టారెంట్లను టికెట్‌లోనే ఇస్తాయి. ఆ టికెట్ ధర అంతకంత ఎక్కువ. అక్కడ మా అమ్మ స్టేక్‌హౌస్ గడప తొక్కకపోయినా ఎవరెవరో తిన్న స్టేకుల ఖర్చులో పాలు పంచుకుంటుంది. విడిగా డబ్బు తీసుకునే ఓడలో, వద్దనుకుంటే ఆవిడ కట్టక్కర్లేదు. మీరడిగిన న్యాయం ఇక్కడే ఎక్కువ కదా.

వదిన: కట్టక్కర్లేదు, నిజమే. కానీ కట్టని మనిషికి దక్కేది ఏళ్ల తరబడి అలాగే ఉంటుందా? నాకున్న అసలు భయం అది. 1990లో క్రిస్టల్ హార్మొనీ అనే ఓడ వచ్చినప్పుడు ప్రధాన భోజనశాలతో పాటు ఇటాలియన్, జపనీస్ రెస్టారెంట్లు పెట్టారు, వాటికి విడిగా ధర లేదు. కొత్త రుచులు కావాలంటే విడిగా డబ్బు తీసుకోక తప్పదనేది అబద్ధమని చెప్పడానికి ఆ ఒక్క ఓడ చాలు.

మరిది: అది ఖరీదైన ఓడ వదినా. ఆ రెస్టారెంట్ల ఖర్చు టికెట్‌లో ముందే ఉంది.

వదిన: ఉంది. అయినా అందులో ఎక్కినవాళ్లందరికీ ఆ బల్లలు ఒక్కలాగే దక్కాయి. మిగతా కంపెనీలు 2000 తర్వాత ఎటు వెళ్లారో చూడు. ముందు ఓ మూల చిన్న స్టేక్‌హౌస్. తర్వాత ఇటాలియన్, హిబాచీ, సుషీ. ఆ తర్వాత పెద్ద హాల్లోకే ధరలు నడిచొచ్చాయి. టికెట్‌లో ఉన్న మెనూ పక్కనే, మంచి స్టేక్ కావాలా, పెద్ద లాబ్‌స్టర్ కావాలా, ఇంత కట్టండి అని. కార్నివాల్ అనే ఓడల కంపెనీ వాళ్లయితే ఒకే పూట మూడో మెయిన్ డిష్ అడిగితే 5 డాలర్లు అన్నారు. రాత్రి గదికి తెప్పించుకునే తిండికి కూడా చాలా ఓడల్లో ఛార్జి పెట్టారు. ఇవన్నీ ఒకప్పుడు టికెట్‌లో ఉన్నవే.

మరిది: మూడో మెయిన్ డిష్ దగ్గర నేను కంపెనీ పక్షమే. బల్ల మీద నాలుగేసి ప్లేట్లు తెప్పించుకుని రెండు ముద్దలు తిని వదిలేసేవాళ్లని చూసే ఉంటారు మీరు. నడిసముద్రంలో ఆ తిండి పారేయడమంటే మోసుకొచ్చిన సరుకూ, వండినవాళ్ల కష్టమూ రెండూ పారేయడమే. 5 డాలర్లు కట్టాలంటే చెయ్యి కాస్త ఆగుతుంది.

వదిన: పారేయడం విషయంలో నీతో గొడవ లేదు. బఫే దగ్గర కొండలా పోసుకుని వదిలేసిన పళ్లాలు చూస్తే నాకూ కడుపు మండుతుంది. ఉచితమనుకుంటే మనిషి తిండికి విలువ ఇవ్వడు, అదీ ఒప్పుకుంటాను. కానీ పారేసేవాడిని ఆపడానికి పెట్టిన ధరా, మంచి ముక్కను మెనూలోంచి తీసి పక్కన పెట్టి దానికి పెట్టిన ధరా ఒకటి కాదు. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని ఒప్పించకు.

మరిది: ఒప్పించను. కానీ డబ్బు ఎటునుంచి ఎటు పోతోందో చూడాలి. రాయల్ కరీబియన్ 2023 ఆదాయం సుమారు 13.9 బిలియన్ డాలర్లు. అందులో 30 శాతం పైగా టికెట్ల బయటి నుంచి వచ్చింది. మద్యం, కేసినో, ఒడ్డు మీద టూర్లు, ఇంటర్నెట్టు, ఈ రెస్టారెంట్లు. మన కుటుంబం తాగదు, జూదమాడదు. ఓడ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా పెద్దగా ఏమీ కొనదు. అంటే మన టికెట్ ఇంత చౌకగా దొరకడానికి స్టేక్‌హౌస్‌లో కూర్చున్న ఎవరెవరో కారణం. వాళ్ల 60 డాలర్లలో కొంత మన టికెట్ ధరలో తగ్గింది. అలాంటప్పుడు ఆ రెస్టారెంట్లే వద్దనడం కృతఘ్నతగా అనిపిస్తుంది నాకు.

వదిన: లెక్క బాగుంది, కాదనలేను. డబ్బున్నవాడు తిన్న తిండి వల్ల మనకు టికెట్ తగ్గితే మంచిదే. కానీ అదే లెక్కను కంపెనీ వైపు నుంచి చదువు. టికెట్ బయటి డబ్బే లాభమైనప్పుడు, పెద్ద హాలు ఎంత బాగుండాలి? మనుషులు తిట్టుకుని ఓడ మానేయకుండా ఉండేంత. అంతకంటే బాగుంటే పక్క రెస్టారెంట్‌కు ఎవరూ పోరు. హాల్లో ఒక కూర బాగా కుదిరితే పైన ఒక బల్ల ఖాళీ. అంత మంచి వంటవాళ్లున్న కంపెనీ తన వంటనే అదుపులో పెట్టుకోవాల్సిన చోటుకు వచ్చింది. వంట మీద గౌరవమున్న మనిషిగా అది నాకు మింగుడుపడదు.

మరిది: ఆ పోటీ రెండో వైపు కూడా పనిచేస్తుంది. పెద్ద హాల్లో తిండి మరీ పడిపోతే కొత్తవాళ్లు మళ్లీ రారు, వచ్చినవాళ్లు నలుగురికీ చెబుతారు. పైగా కార్నివాల్‌లో టీవీ వంటవాడు గై ఫియెరీ పేరు మీద పెట్టిన బర్గర్ల కొట్టు టికెట్‌లోదే, జనం దానికోసమే ఎగబడతారు. కొన్ని కార్నివాల్ ఓడల్లో తందూర్ కౌంటర్ కూడా టికెట్‌లోదే. డబ్బు కట్టని తిండి బాగుండకూడదని కంపెనీ అనుకుంటే ఇవి ఎందుకు పెడుతుంది?

వదిన: బర్గర్ బాగుంటే స్టేక్ అమ్మకం ఆగదు కనుక. అయినా తందూర్ మాటెత్తావు కాబట్టి నా అసలు వాదనకు వస్తాను. పెద్ద హాల్లో నాకు నచ్చేది వంట కంటే ఆ బల్ల. ఫిక్స్‌డ్ డైనింగ్ తీసుకుంటే ఏడు రాత్రులూ అదే బల్ల, అదే వెయిటరు. మొదటి రాత్రి అత్తయ్యగారు గుడ్డు తినరని చెబుతాం. రెండో రాత్రి అతనే వచ్చి, ఈ సాస్‌లో చేప రసం ఉంది, ఇది వద్దమ్మా అంటాడు. మూడో రాత్రికి మనం అడక్కుండానే పచ్చిమిరపకాయలు ముక్కలు కోసి చిన్న గిన్నెలో పెడతాడు. ఓడల్లో పనిచేసేవాళ్లలో ఇండియా, ఫిలిప్పీన్స్, ఇండోనేసియా వాళ్లు చాలామంది. ముందురోజు రాత్రి హెడ్ వెయిటర్‌తో చెబితే మెనూలో లేని పప్పూ, కూరా, అన్నం మర్నాటికి చేయించి పెట్టే అలవాటు ఎన్నో ఓడల్లో ఉంది. దానికి విడిగా ధర లేదు. డబ్బు కట్టే చోట ఏం జరుగుతుంది? కొత్త బల్ల, కొత్త మనిషి. గుడ్డు దగ్గర్నుంచి మళ్లీ మొదలు. 60 డాలర్లు కట్టి అపరిచితులమవుతాం.

మరిది: ఈ మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు. డిస్నీ ఓడల్లో కుటుంబాలు రోజుకో భోజనశాలకు మారినా వెయిటర్లు వాళ్లతో పాటే కదులుతారు. ఆ పరిచయం విలువ కంపెనీలకూ తెలుసు. కానీ వదినా, హెడ్ వెయిటర్ చేయించి పెట్టే పప్పు ఆయన మంచితనం. అది మనకు దక్కుతుందో లేదో ఆ ఓడలో ఆ వారం ఎవరున్నారన్నదాన్ని బట్టి. పైగా ఏడు రాత్రులూ పప్పూ, పనీరు కూరే తింటే, సముద్రం దాటి మెక్సికో దాకా వెళ్లి అమ్మ చూసిన కొత్త రుచి ఏముంది? ఆవిడకు వేరే ఏమీ నచ్చదని మనమే తీర్పు ఇచ్చేస్తున్నాం. మంచి ఇటాలియన్ వంటవాడు టమాటా, తులసి జాతి ఆకు, తాజా చీజ్ పెట్టి చేసింది ఆవిడకు నచ్చదని ఎలా తెలుసు? బ్రిటన్‌లో పీ అండ్ ఓ వాళ్ల అజూరా ఓడలో 2010లో షెఫ్ అతుల్ కొచ్చర్ పేరుతో సింధూ అనే భారతీయ రెస్టారెంట్ పెట్టారు, డబ్బు కట్టి తినేదే. బ్రిటిష్ వాళ్లు మన వంటకు విడిగా డబ్బు కట్టి కూర్చుంటున్నారు. మన అమ్మ మరొకరి వంట దగ్గర ఒక్క పూట అలా కూర్చుంటే తప్పా?

వదిన: తప్పు కాదు. కొత్త రుచి మాట సరే. కానీ ఆ రాత్రి పిల్లలెక్కడ? మీ అన్నయ్యా, నేనూ, నీ కుటుంబం ఎక్కడ? అందరం వెళ్తే డబ్బు తడిసి మోపెడవుతుంది. వాళ్లిద్దర్నీ పంపితే మనం హాల్లో వాళ్ల రెండు కుర్చీలు ఖాళీగా పెట్టుకుని తింటాం. ఒక ఇంట్లోనే రెండు తరగతులు చేసినట్టవుతుంది.

మరిది: తరగతి మాట వచ్చింది కాబట్టి చరిత్ర కూడా చూద్దాం. ఓడ మీద విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్ ఇప్పటిది కాదు. 1905లో హాంబర్గ్–అమెరికా లైన్ వాళ్ల ‘అమెరికా’ ఓడలో సెజార్ రిట్జ్ పేరుతో మొదలైంది. 1912లో టైటానిక్‌లోనూ ఉంది, లండన్‌లో రెస్టారెంట్ వ్యాపారం చేసిన లుయిజీ గట్టి అనే ఆయన కాంట్రాక్టుకు తీసుకుని నడిపాడు. అందులోకి ఫస్ట్ క్లాస్ వాళ్లు తప్ప ఇంకెవరూ పోలేరు. కింది డెక్కు మనిషి జేబులో ఎంత ఉన్నా ఆ తలుపు తెరవరు. టైటానిక్ తోబుట్టువు ఒలింపిక్ ఓడలో ఇలాంటిదే ఉండేది. దాని గోడల చెక్క పలకల్ని 2000లో సెలెబ్రిటీ మిలీనియం ఓడలో ఒక స్పెషాలిటీ రెస్టారెంట్‌కు వాడారు. అదే చెక్క. ఈసారి కిటికీ లేని చౌక క్యాబిన్ వాళ్లు కూడా ఫోను చేసి బల్ల అడగగలిగారు. ఒక్క పూట ధర కడితే సరిపోయేది. నాకు ఇది తరగతిని పెంచిందనిపించదు, కరిగించిందనిపిస్తుంది.

వదిన: ఆ టైటానిక్ రోజుల్లో ఒక మర్యాద ఉండేది, అది కూడా చెప్పు. మేము భోజనశాలలో తినం, రెస్టారెంట్‌లోనే తింటాం అని ముందే చెప్పిన ప్రయాణికుడికి టికెట్ ఛార్జీలో కొంత తగ్గించేవారు. తినని భోజనానికి డబ్బు తీసుకోకూడదన్న ఇంగితం అది. ఇప్పుడు మనం 60 డాలర్లు కట్టి పైకి వెళ్తే, కింద మన కోసం వండినదానికి పైసా వెనక్కి రాదు. ఒకే పూటకు రెండు భోజనాల ధర కడుతున్నాం.

మరిది: కడుతున్నాం. దాన్ని సమర్థించను. కింద తినని పూటకు చిన్న మొత్తమైనా తగ్గించే కంపెనీ వస్తే నేనే ముందు టికెట్ కొంటాను. కానీ పూటకు ధర పెట్టే పద్ధతి తీసేస్తే ఏమొస్తుందో తెలుసా? కునార్డ్ అనే ఓడల కంపెనీ వాళ్లను చూడండి. క్వీన్ మేరీ 2లో మీరు ఏ క్యాబిన్ కొన్నారన్నదాన్ని బట్టి మీ ప్రధాన భోజనశాల. పెద్ద సూట్ల వాళ్లకు క్వీన్స్ గ్రిల్, తర్వాతివాళ్లకు ప్రిన్సెస్ గ్రిల్, మామూలు క్యాబిన్ల వాళ్లకు బ్రిటానియా. బ్రిటానియా వాళ్లు ఒక్క సాయంత్రం గ్రిల్‌లో కూర్చుంటాం, డబ్బు తీసుకోండి అన్నా కుదరదు. క్యాబిన్‌ను చూసి పీట వేసే పద్ధతి అది. దానికంటే ఒక్క పూట ధరే మేలు.

వదిన: కునార్డ్ విషయంలో నువ్వన్నదే సరి. క్యాబిన్‌ను బట్టి భోజనశాల కంటే పూట ధర మర్యాదైనది. నేను పోల్చేది దాంతో కాదు, అందరికీ ఒకే మెనూ ఉన్న హాలుతో. విశాఖ నుంచి 2022లో కొర్డీలియా ఎంప్రెస్ అనే ఓడ పుదుచ్చేరి, చెన్నై వైపు నడిచింది కదా. అది ఒకప్పటి రాయల్ కరీబియన్ ఓడే. అందులోనూ డబ్బు కట్టే రెస్టారెంట్ ఉంది. కానీ జైన భోజనం అడిగినవాళ్లకూ, మన శాకాహారులకూ, మాంసాహారులకూ టికెట్‌లోనే పెట్టే హాలు మీద ఆ ఓడ భోజనమంతా నిలబడింది. పక్కపక్కన కూర్చుని ఒకే వంటగది తిండి తిన్నారు. ఓడ ఎక్కితే నాకు అలాంటి హాలు ఉండాలి. ఎవరు ఎంత కట్టారో బల్ల చూసి తెలియకూడదు.

మరిది: మీ బల్ల చాలా అందమైనది వదినా, ఒప్పుకుంటాను. కానీ ఆ హాల్లో నాన్నకు మాట వినపడదు. చెవి మిషను పెట్టుకుంటే వందల మంది స్పూన్ల చప్పుడు, పక్క బల్ల పుట్టినరోజు చప్పట్లు, వెయిటర్ల పాటలు అన్నీ ఒకేసారి చెవిలో పడతాయి. ఆయన కాసేపటికి మిషను తీసేసి నవ్వుతూ కూర్చుంటారు. మనం మాట్లాడుకుంటూనే ఉంటాం, ఆయన బల్ల దగ్గర ఉంటారు, మాటల్లో ఉండరు. ఏడు రాత్రులూ అలాగేనా? చిన్న రెస్టారెంట్‌లో చప్పుడు తక్కువ, బల్లల మధ్య ఎడం ఎక్కువ. అక్కడ ఆయన అమ్మతో మాట్లాడగలరు. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో ఎవరూ లేవకుండా, ఎవరికీ వడ్డించకుండా తిన్న పూట ఎప్పుడైనా ఉందా? అమ్మ ఎప్పుడూ చివర్న తిన్న మనిషి. ఆవిడ చెప్పాకే పొయ్యి మీద పెట్టే వంట ఒక్కసారైనా ఆవిడకు దొరకాలి.

వదిన: మామయ్యగారి చెవి సంగతి నేను ఆలోచించలేదు. అది పెద్ద మాటే. దానికి హాల్లో గోడ పక్క మూల బల్ల అడగొచ్చు, తొందరగా మొదటి విడతకు వెళ్లొచ్చు, కొంత తగ్గుతుంది. పూర్తిగా కాదు. అయితే ఇంకో పని చేయొచ్చు. కొన్ని ఓడల్లో ఒడ్డు తగలని రోజున, సముద్రం మీదే గడిపే రోజున, ఆ స్టేక్‌హౌసూ ఇటాలియనూ మధ్యాహ్నం కూడా తెరుస్తారు. రాత్రి ధరకంటే తక్కువ, వంటగది అదే. మధ్యాహ్నం కాబట్టి రాత్రి బల్ల చెదరదు. పైగా అందరూ ముస్తాబై వచ్చే ఫార్మల్ నైట్‌న పెద్ద హాల్లోనే లాబ్‌స్టర్ పెట్టే ఓడలు చాలా ఉన్నాయి. ఆ రాత్రి డబ్బు కట్టి వేరే చోటికి పోవడం కంటే తెలివితక్కువ లేదు.

మరిది: మధ్యాహ్నం అయితే నాకూ ఇష్టమే. ఓడ ఎక్కకముందే ఆన్‌లైన్‌లో కొంటే చాలాసార్లు ఇంకా తగ్గుతుంది. ముందే కట్టేస్తాను. బల్ల దగ్గర బిల్లు రాదు, ధర వాళ్లకు కనపడదు.

వదిన: అదే నాకు నచ్చనిది. ధర దాచి తినిపించడం ఎందుకు? ఇద్దరికీ రాత్రి ధరయితే టిప్పుతో కలిపి 140 డాలర్ల పైమాట, మన రూపాయల్లో పన్నెండు వేలు. మధ్యాహ్నం తగ్గుతుందనుకో. అయినా అత్తయ్యగారు పెద్ద మనిషి, ఇల్లు నడిపిన మనిషి. ఎంతవుతుందో చెప్పి అడుగు. తింటానంటే ఆనందంగా పంపుదాం.

మరిది: అడిగితే వద్దంటుంది వదినా. ధర వింటే తప్పకుండా వద్దంటుంది. ఆవిడ జీవితమంతా తనకోసం దేనికీ సరే అనలేదు.

వదిన: అనకపోతే అనలేదు. వద్దనే హక్కు కూడా ఆవిడదే. ధర చూసి వద్దనుకోవడం పిసినారితనం కాదు, ఆవిడ ఇష్టం అలా తేలింది. హాల్లో మనతో కూర్చుని పప్పన్నం తినడమే ఆవిడకు ఎక్కువ ఇష్టమేమో, అది నీకు చిన్నదిగా ఎందుకు కనిపిస్తోంది?

మరిది: చిన్నదిగా కాదు. ఇష్టానికీ, అలవాటుగా తగ్గి ఉండటానికీ తేడా ఆవిడ విషయంలో నాకు తెలియడం లేదు, మీకూ తెలియదు. అందుకే ఒక్క మధ్యాహ్నం చూడనివ్వండి. నచ్చకపోతే మళ్లీ మాట ఎత్తను.

వదిన: చూడాల్సింది ఆవిడ, నిర్ణయించేది నువ్వు. నాకు అదే ఇబ్బంది. నాన్నగారి చెవి కోసమని చెప్పు, ధర కూడా చెప్పు. ఆయన కోసమంటే ఆవిడ వస్తుంది.

మరిది: ఆయన కోసమంటే వస్తుంది, నాకు తెలుసు. ఆవిడ కోసం రావాలన్నదే నేను అడుగుతున్నది.

వదిన: దానికి నా దగ్గర దారి లేదయ్యా. నువ్వు బుక్ చేస్తే నేను అడ్డం రాను. కానీ ఎంత కట్టావని ఆవిడ నన్ను అడిగితే మాత్రం ఉన్నదే చెబుతాను.

మరిది: చెప్పండి. నేను మాత్రం బుక్ చేస్తాను.